బాడుగకిచ్చేందుకు ఇల్లు కొనేవారికి కొన్ని సూచనలు

సొంతానికి ఒక ఇల్లున్నవారు, రెండో ఇల్లు కొని బాగుచేసి బాడుగకు ఇవ్వాలనుకోవడం మన హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల్లో చాలాకాలంగా ఉన్నదే. 1970లలో హోసూరులో సిప్కాట్ పారిశ్రామిక వాడ వెలిసింది. తర్వాత అశోక్ లేలాండ్, టి.వి.ఎస్., టైటాన్ వంటి కర్మాగారాలు వచ్చాయి. పనికి వచ్చినవారికి ఇళ్ళు కావలసి వచ్చాయి. 2019లో హోసూరు నగరపాలక సంస్థ కూడా అయింది. అయితే బాడుగ వస్తుందన్న ఆశ ఒక్కటే చూసుకుని దిగరాదు. మొదటిసారి కొనేవారు గమనించవలసిన సంగతులు కొన్ని చెప్పుకుందాం.

ముందు లెక్క వేయండి. ఉదాహరణకు ఇంటి ధర 30 లక్షలు అనుకుందాం. తమిళనాట స్టాంపు సుంకం 7 శాతం, రిజిస్ట్రేషన్ రుసుము 2 శాతం. అంటే మరో 2 లక్షల 70 వేలు. మరమ్మతులకు 3 లక్షలు. మొత్తం 35 లక్షల 70 వేలు. నెలకు 8 వేలు బాడుగ వస్తే ఏడాదికి 96 వేలు. ఒక నెల ఇల్లు ఖాళీగా ఉందనుకోండి, పన్నుకు, చిల్లర మరమ్మతులకు 12 వేలు పోయిందనుకోండి. మిగిలేది 76 వేలు. నూటికి రెండు రూపాయల పైచిలుకు, అంతే. ఇక 20 లక్షలు అప్పు చేసి, 9 శాతం వడ్డీతో 20 ఏళ్ళలో తీర్చాలంటే నెల కంతు సుమారు 18 వేలు. బాడుగ దానిలో సగం కూడా రాదు. మిగతాది మీ జీతంలోంచి కట్టగలరా? ఈ ప్రశ్నకు ఇంటిల్లిపాదీ కూర్చుని జవాబు చెప్పుకున్న తర్వాతే అడ్వాన్సు ఇవ్వండి. ఆ అడ్వాన్సు కూడా 20 వేలు, అంతకు మించితే రొక్కంగా వద్దు. బ్యాంకు ద్వారానే ఇవ్వండి.

ఇక పత్రాల సంగతి. మనలో పెద్దవారు చాలామంది తెలుగు బడుల్లో చదువుకున్నవారు. పత్రాలేమో తమిళంలో ఉంటాయి. ఎవరో "అంతా సరిగానే ఉంది" అనగానే సంతకం పెట్టేస్తారు. కష్టార్జితం పోయేది ఇక్కడే. పత్రాన్ని తమిళం బాగా వచ్చిన, ఈ బేరంతో లాభం లేని మనిషి చేత మొదటి నుంచి చివరి దాకా చదివించుకుని, అర్థం చెప్పించుకోండి. కొన్ని మాటలు వినడానికి మనవిలాగే ఉంటాయి, అర్థం వేరు. పత్రంలో "కిరయం" అంటే అమ్మకం. మన నోట "కిరాయి" అంటే బాడుగ. కన్నడంలో "మనె" అంటే ఇల్లు. తమిళ పత్రంలో "మనై" అంటే ఎక్కువగా ఇంటి స్థలం. కనుక స్థలంతోబాటు కట్టడం కొలతలు కూడా వ్రాయించండి. "తాయ్ పత్తిరం" అంటే మూలపత్రం. "విడుదలై పత్తిరం" అంటే తన హక్కు వదులుకున్నట్టు వ్రాసిచ్చినది. "విల్లంగం" అంటే ఆస్తి మీదున్న తాకట్టు, చిక్కు.

విల్లంగ సర్టిఫికెట్టు కనీసం 30 ఏళ్ళకు తీయించండి. అయితే రిజిస్టరైన పత్రాలే అందులో కనబడతాయి. ఇంట్లో ఉన్నవారు యజమానికి పెద్ద మొత్తం ఇచ్చి, బాడుగ లేకుండా భోగ్యానికి ఉండవచ్చు. ఆ కాగితం రిజిస్టరు కాకపోతే విల్లంగంలో రాదు. మీరు కొన్నాక వారు "మా డబ్బు ఇస్తేనే ఖాళీ చేస్తాం" అంటారు. కనుక ఇల్లు చూడడానికి వెళ్ళినప్పుడు అందులో ఉన్నవారినే నేరుగా అడగండి.

పాత పత్రాల్లో "సేలం జిల్లా" అనో "ధర్మపురి జిల్లా" అనో ఉంటే కంగారుపడవద్దు. 1965లో సేలం నుండి ధర్మపురి, 2004లో ధర్మపురి నుండి కృష్ణగిరి జిల్లాలు విడివడ్డాయి. జిల్లా పేరు మారినా సర్వే నంబరు, హద్దులు ఒకదానితో ఒకటి కలవాలి. పట్టా అమ్మేవారి పేరున ఉందా, భూమి పొరంబోకుగానీ దేవస్థానానిదిగానీ అవునా అని వి.ఏ.ఓ. వద్ద, తాలూకా ఆఫీసులో విచారించండి. పిత్రార్జితమైతే ఆడపిల్లల సంతకాలు కూడా ఉండాలి. తమిళనాట 1989లోనే పెళ్ళికాని కూతుళ్ళకు, 2005లో దేశమంతటా కూతుళ్ళందరికీ సమాన హక్కు వచ్చింది. అనుమతి లేని లేఅవుట్లలోని స్థలాల రిజిస్ట్రేషన్‌ను 2016లో మద్రాసు హైకోర్టు ఆపింది. తర్వాత 2017లో క్రమబద్ధీకరణ నియమాలు వచ్చాయి. ఆ ఉత్తర్వు చూడనిదే స్థలం కొనవద్దు.

మరమ్మతుల్లో వరుస ముఖ్యం. ముందు కప్పు కారడం ఆపండి. మన ప్రాంతపు పాత బండల మిద్దెల్లో బండల సందుల నుంచి నీరు దిగుతుంది. దాన్ని ఒక వానాకాలం చూసిన తర్వాతే గోడలకు సున్నం, రంగు. రెండోది కరెంటు తీగలు, ఎర్తు. మూడోది నీరు, మురుగు. ధర్మపురి, కృష్ణగిరి జిల్లాల భూగర్భజలంలో చాలాచోట్ల ఫ్లోరైడు ఎక్కువ. హొగేనక్కల్ తాగునీటి పథకం వచ్చిందే అందుకు. కనుక బోరు నీరు పరీక్ష చేయించండి. బిడ్డలున్న కుటుంబం అందులో ఉండబోతున్నదని మరువకండి.

చివరగా బాడుగ ఒప్పందం. 2019 ఫిబ్రవరి నుండి తమిళనాట కొత్త అద్దె చట్టం అమల్లో ఉంది. ఒప్పందం వ్రాతలో ఉండాలి, అద్దె అధికారి వద్ద నమోదు కావాలి. వేరుగా ఒప్పుకుంటే తప్ప అడ్వాన్సు మూడు నెలల బాడుగకు మించరాదు. ఖాళీ చేసిన నెలలోగా, రావలసినవి పట్టుకుని మిగతాది తిరిగివ్వాలి. గొడవ వచ్చిందని నీళ్ళు, కరెంటు ఆపకూడదు. ఇల్లు చూడాలంటే ఒక రోజు ముందు వ్రాతపూర్వకంగా తెలపాలి. బాడుగకు వచ్చేవారు ఒరియా, హిందీ, తమిళం ఏ భాషవారైనా సరే, ఒప్పందం వారికి అర్థమయ్యే భాషలో చదివి వినిపించండి. తెలియని భాషలో సంతకం పెట్టే భయం ఎలాంటిదో మన సరిహద్దువారికి వేరే చెప్పాలా?

ఇల్లు కొనడంలో తొందర అమ్మేవారికి ఉండవచ్చు, మధ్యవర్తికి ఉండవచ్చు. కొనేవారికి ఉండకూడదు.