ఊరక రాని బలము

సీతాఫల్‌మండిలోని మా యింటికి ఉస్మానియా విశ్వవిద్యాలయము చేరువ. 1929లో నెలకొన్న ఇంజనీరింగు కళాశాలలో నా మనుమడు ఉష్ణగతిశాస్త్రమును, ద్రవశక్తిని అభ్యసించుచున్నాడు.

మొన్న మా గ్రామపు పెద్ద యొకరు వచ్చి, నూనె, విద్యుత్తు, ఎండ, గాలి యేదియు లేక, తాను తోడిన నీటితోనే తాను తిరుగు యంత్రమునకై రెండెకరములు విక్రయింపనెంచితి ననిరి. వ్యాకరణము చదివిన నాకు యంత్రముల సంగతి తెలియదు, మనుమని నడిగితిని.

వాడిట్లు చెప్పెను: “తాతగారూ! మూసియుంచిన ద్రవముపై ఒత్తిడి అన్నివైపులకు సమముగా వ్యాపించునని 17వ శతాబ్దమున పాస్కల్ తెలిపెను. చిన్న పిస్టనుపై ఒక మణుగు బరువుంచిన, పదిరెట్లు వైశాల్యముగల పెద్దది పది మణుగులు మోయును. కాని చిన్నది పదంగుళములు దిగినగాని పెద్ద దొక యంగుళ మెక్కదు. బలము పెరిగెను, పని పెరుగలేదు. పైగా రాపిడిచే కొంత వేడియై పోవును.”

“ఆ వేడిని మరల పనిగా మార్చరాదా?” అంటిని.

“పూర్తిగా మార్చుట యసాధ్యము. ఉష్ణయంత్రము కొంత వేడిని చల్లనిచోట విడువవలసినదే. ఈ మేరకు మూలసూత్రమును 1824లో ఫ్రాన్సుదేశీయుడు సాదీ కార్నో కనుగొనెను. కెల్విన్ మానమున 500 పాళ్ల వేడిమినుండి 300కు దిగు ఉత్తమయంత్రమైనను నూటికి 40 పాళ్లే పని యిచ్చును. గోరువెచ్చని రాపిడివేడి యిచ్చునది అత్యల్పము.”

అనగా ప్రతి చుట్టునను లోటే; ఆ యంత్రము నిలిచిపోక తప్పదు. పెద్దలు పొలము నమ్మలేదు.

విత్తక పండదని మన మెఱుగుదుము. మీ యూరి కట్టి వర్తకుడు వచ్చినచో, “శక్తి యెచటినుండి వచ్చుచున్నది?” అని ముందుగా నడుగుడు.