రక్తం తిరిగి వచ్చే వేళ: అవయవ రక్షణలో శీతలీకరణ – ఆత్మకూర్ (ఎస్) నేపథ్యంలో ఒక వివరణ

వ్యాససంగ్రహం:
శరీరభాగానికి రక్తం అందకపోవడం ఒక హాని. ఆగిన రక్తం తిరిగి ప్రవేశించడం మరొక హాని. ఈ రెండో హానిని తగ్గించడంలో శీతలీకరణ ఎలా పనిచేస్తుందో, ఎక్కడ పనిచేయదో ఈ వ్యాసం వివరిస్తుంది. తెగిన వేలు మొదలుకొని మార్పిడికి తరలించే గుండె వరకు ఉదాహరణలను పరిశీలించి, చల్లదనం ఎంత అన్న దానికంటే ఎప్పుడు అన్నదే కీలకమని ప్రతిపాదిస్తుంది. ఈ విషయాన్ని తెలుగులో చెప్పేటప్పుడు ఎదురయ్యే పదాల చిక్కును కూడా చర్చిస్తుంది.

కీలకపదాలు: పునఃప్రసరణ గాయం, శీతలీకరణ, అవయవదానం, జీవన్‌దాన్, వైద్యపరిభాష, సూర్యాపేట.

1. ప్రవేశిక:
సూర్యాపేట జిల్లాలోని ఆత్మకూర్ మండలం పేరు పక్కన బ్రాకెట్లో ‘ఎస్’ కనిపిస్తుంది. ఉమ్మడి నల్లగొండలో మోత్కూరు వైపున్న ఆత్మకూర్ (ఎం) నుంచి దీన్ని వేరుచేయడానికి సూర్యాపేటను సూచిస్తూ చేర్చిన అక్షరమది. ఇది వ్యవసాయ ప్రాంతం. పశువులున్న ఇళ్ళలో గడ్డి కోసే మిషన్లు, కోతల కాలంలో పొలాల్లో హార్వెస్టర్లు తిరుగుతుంటాయి. జిల్లా సరిహద్దు దాటితే రైస్ మిల్లులకు పేరొందిన మిర్యాలగూడ ఉంది. యంత్రంలో చేయి పడి వేలు తెగిపోయే ప్రమాదం ఇటువంటి చోట ఎప్పుడూ పొంచి ఉంటుంది.

తెగిన వేలును సన్నని రక్తనాళాలతో సహా తిరిగి అతికించే శస్త్రచికిత్స సాధారణంగా పెద్ద నగరాలలోనే లభిస్తుంది. సూర్యాపేట నుంచి హైదరాబాదుకు 65వ నంబరు జాతీయ రహదారి మీద దాదాపు 135 కిలోమీటర్లు. ఆ దూరం గడిచేలోగా తెగిన భాగంలో ఏం జరుగుతుంది? అతికించి రక్తం వదిలిన తరువాత ఏం జరుగుతుంది? ఈ రెండు ప్రశ్నలకు సమాధానాలు వేరువేరు. రెండో ప్రశ్న సామాన్యంగా ఎవరికీ తోచదు. రక్తం రావడమంటే ప్రాణం రావడమే కదా అన్న నమ్మకం అంత సహజమైనది.

2. రక్తం ఆగినప్పుడు, వచ్చినప్పుడు:
ప్రతి కణమూ తనలోకి చొరబడే సోడియంను నిరంతరం బయటికి తోడిపోస్తుంటుంది. ఈ పనికి ఏటీపీ అనే శక్తి అణువు ఖర్చవుతుంది. రక్తం ఆగితే ఆక్సిజన్ ఉండదు, ఏటీపీ తరిగిపోతుంది, తోడకం మందగిస్తుంది. సోడియం, దాని వెంట నీరు, ఆపైన కాల్షియం కణంలో చేరతాయి. లాక్టిక్ ఆమ్లం పేరుకొని కణం ‘పుల్లబడుతుంది’. ఈ దశలోనే రక్తం తిరిగివస్తే చాలా కణాలు కోలుకోగలవు. ఆలస్యమైనప్పుడే అసలు చిక్కు.

1960లో రాబర్ట్ జెన్నింగ్స్, ఆయన సహచరులు కుక్కల గుండెలపై జరిపిన ప్రయోగాలలో, రక్తం తిరిగి పారించిన కొద్దిసేపటికే దెబ్బతిన్న కణాల వాపు, విధ్వంసం వేగంగా బయటపడటం గమనించారు. దీని వెనకనున్న రసాయనం తరువాతి దశాబ్దాలలో క్రమంగా తేటపడింది. తరిగిన ఏటీపీ చివరికి హైపోజాంథిన్‌గా మిగులుతుంది. ఆక్సిజన్ రాగానే జాంథిన్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ దాన్ని యూరిక్ ఆమ్లంగా మారుస్తూ, ఆ క్రమంలో సూపరాక్సైడ్ అనే దాహకమైన అణువును వదులుతుంది. 2014లో కేంబ్రిడ్జి పరిశోధకులు ‘నేచర్’ పత్రికలో మరో మూలాన్ని చూపారు: రక్తం లేని వేళ మైటోకాండ్రియాలో సక్సినేట్ పోగుపడుతుంది, ఆక్సిజన్ అందిన తొలి నిమిషాలలో అది ఒక్కసారిగా మండి సూపరాక్సైడ్‌ను విరజిమ్ముతుంది. అదే సమయంలో కణంలోని పులుపు విరిగిపోతుంది. అంతవరకు ఆ పులుపే మూసి ఉంచిన మైటోకాండ్రియా రంధ్రం తెరుచుకొని కణం కూలిపోతుంది. కణానికి చెరుపు చేస్తుందనుకున్న ఆమ్లం కొంతసేపు కాపలా కూడా కాసిందన్నమాట. ఆ తరువాత తెల్లకణాలు వచ్చి వాపును పెంచుతాయి.

శ్రీరాంసాగర్ రెండోదశ కాలువలు చూసిన సూర్యాపేట ప్రాంతపు పాఠకునికి ఒక పోలిక దగ్గరగా తోస్తుంది. నెలలపాటు ఎండి నెర్రెలు విచ్చిన కాలువలోకి ఒకేసారి నీరు వదిలితే కట్టకు గండి పడుతుంది. నీరు లేకపోవడం పంటకు చేటు. నీరు వచ్చిన తీరు కాలువకు చేటు. పోలికకు హద్దు ఉంది. కాలువ తెగేది నీటి ఒత్తిడితో, కణం చెడేది ప్రధానంగా రసాయన చర్యతో. అయినా ‘ముందే సిద్ధం చేయాలి’ అన్న మాట రెండు చోట్లా వర్తిస్తుంది.

3. చల్లదనం చేసే పని:
ఉష్ణోగ్రత 10 డిగ్రీలు తగ్గితే జీవక్రియ వేగం సుమారు సగానికి పడిపోతుంది. 37 డిగ్రీల నుంచి 4 డిగ్రీలకు దించితే దాదాపు పదోవంతు మిగులుతుంది. ఏటీపీ నెమ్మదిగా తరుగుతుంది. హైపోజాంథిన్, సక్సినేట్ నెమ్మదిగా పోగుపడతాయి. కాబట్టి రక్తం వచ్చే నిమిషంలో మండటానికి సరుకు తక్కువగా ఉంటుంది. శీతలీకరణ రక్షణ ముఖ్యంగా ఇదే: నిప్పును ఆర్పడం కాదు, ఎండుగడ్డిని పోగుపడనివ్వకపోవడం.

దీని పర్యవసానం గమనించదగినది. జంతువుల గుండెలపై జరిగిన ప్రయోగాలలో, రక్తం తిరిగి రాకముందే చల్లబరిచినప్పుడు చనిపోయే కండరభాగం తగ్గింది. రక్తం వచ్చాక మొదలుపెట్టిన చల్లదనం వల్ల ఆ మేలు కనిపించలేదు, లేదా బాగా తగ్గిపోయింది. చల్లదనం రక్తం కన్నా ముందు చేరాలి.

ఈ ఆలోచనకు శస్త్రచికిత్సాలయంలోనే పునాది పడింది. టొరంటోలో విల్ఫ్రెడ్ బిగెలో 1950లో కుక్కల శరీరాన్ని చల్లబరిచి కొన్ని నిమిషాలపాటు గుండెకు రక్తప్రసరణ ఆపవచ్చునని చూపారు. 1952 సెప్టెంబరు 2న మినెసోటా విశ్వవిద్యాలయంలో జాన్ లూయిస్ అయిదేళ్ళ బాలికకు ఇదే పద్ధతిలో గుండె తెరిచి రంధ్రం మూశారు. అవయవాల నిల్వకు 1969లో జెఫ్రీ కాలిన్స్ ద్రావణం, 1980లలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో బెల్జర్, సదర్డ్ రూపొందించిన ద్రావణం వచ్చాయి.

కేవలం మంచు ఎందుకు చాలలేదు? చలిలో సోడియం తోడకం కూడా మందగిస్తుంది, కణం ఉబ్బుతుంది. దాన్ని ఆపడానికి విస్కాన్సిన్ ద్రావణంలో కణంలోకి దూరలేని పెద్ద అణువులను చేర్చారు. జాంథిన్ ఆక్సిడేజ్‌ను అడ్డుకొనే అల్లోప్యూరినాల్ కూడా అందులో ఉంది. ఊళ్ళో మందుల దుకాణంలో గౌట్ రోగులు కొనే మాత్ర అదే. చల్లదనం తనంతట తాను పూర్తి రక్షణ కాదని ఈ ద్రావణపు కూర్పే చెబుతుంది.

4. మెట్రో రైలులో గుండె:
తెలంగాణలో మరణానంతర అవయవదానాన్ని 2013 నుంచి జీవన్‌దాన్ కార్యక్రమం నిమ్స్ కేంద్రంగా సమన్వయం చేస్తోంది. దీనికి చట్టపరమైన ఆధారం మానవ అవయవాల మార్పిడి చట్టం. చల్లని నిల్వలో మూత్రపిండం 24 గంటలు, ఒక్కోసారి అంతకు పైగా ఆగగలదు. కాలేయం సుమారు 12 గంటలు. గుండెకు మాత్రం 4 నుంచి 6 గంటలే. ఆ గంటలలోనే కోత, ప్రయాణం, కుట్టు అన్నీ పూర్తి కావాలి.

2021 ఫిబ్రవరి 2న హైదరాబాదు మెట్రో ఒక ప్రత్యేక రైలును నాగోలు నుంచి జూబ్లీహిల్స్‌కు ఎక్కడా ఆపకుండా నడిపింది. ఎల్బీనగర్ ఆసుపత్రిలో బ్రెయిన్‌డెడ్‌గా ప్రకటితుడైన ఒక రైతు గుండె అందులో వెళ్ళింది. సుమారు 21 కిలోమీటర్ల దూరం అరగంటలోపే గడిచింది. 2025 జనవరి 17న ఎల్బీనగర్ నుంచి లక్డీకాపూల్‌కు మరో గుండె 13 కిలోమీటర్లు 13 నిమిషాలలో చేరింది. పత్రికలు వేగాన్ని కొనియాడాయి, అది న్యాయమే. కాని ఆ పెట్టె లోపలి చల్లదనం లేకపోతే అరగంట కూడా గుండెకు భారమే. రైలు ఆదా చేసింది నిమిషాలను. ఆ నిమిషాలకు విలువ మిగిలేలా చేసింది శీతల ద్రావణం.

5. ఆత్మకూర్ నుంచి తెగిన వేలు:
గుండెకు వర్తించిన సూత్రమే వేలికీ వర్తిస్తుంది, కాని గడువు వేరు. వేలిలో కండరం లేదు కనుక అది ఓర్చుకుంటుంది: చల్లబరచకపోతే సుమారు 12 గంటలు, చల్లబరిస్తే 24 గంటల వరకు. మోచేయి దగ్గర తెగిన చేతిలో కండరం ఎక్కువ. దానికి చల్లదనం లేకుండా సుమారు 6 గంటలు, ఉంటే 12 గంటలు. మే నెల ఎండలో, కారు డిక్కీలో ఈ గడువులు ఇంకా కుదించుకుపోతాయని వేరే చెప్పనక్కరలేదు.

ఇక్కడ సదుద్దేశంతోనే ఒక పొరపాటు జరుగుతుంది. వేలిని నేరుగా ఐసుగడ్డల మధ్య పెడతారు. నేరుగా తగిలిన మంచు కణజాలాన్ని గడ్డకట్టించి, ఆ స్ఫటికాలు కణపొరలను చీలుస్తాయి. అటువంటి వేలు ఎంత త్వరగా చేరినా అతకడం కష్టం. సరైన పద్ధతి ఇది: తెగిన భాగానికి అంటిన మట్టిని శుభ్రమైన నీటితో తేలికగా కడిగి, తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టాలి. దాన్ని నీరు చొరని ప్లాస్టిక్ కవరులో పెట్టి మూతికట్టాలి. ఆ కవరును ఐసు కలిపిన నీళ్ళున్న మరో పాత్రలో ఉంచాలి. వేలికి నీరూ తగలరాదు, ఐసూ తగలరాదు, చల్లదనమే తగలాలి. గాయం నుంచి కారే రక్తాన్ని శుభ్రమైన గుడ్డతో అదిమి ఆపడం వీటన్నిటికంటే ముందు పని. తెగిన సమయాన్ని కాగితం మీద రాసి పంపితే శస్త్రవైద్యునికి అది ఎంతో ఉపయోగం. కూల్‌డ్రింక్ దుకాణంలో ఐసు, ఇంట్లో కవరు దొరకని ఊరు ఈ ప్రాంతంలో అరుదు. కొరత వస్తువులకు కాదు, వరుసక్రమం తెలియడానికే.

6. చల్లదనం పనిచేయని చోట:
గుండె ఆగి తిరిగి కొట్టుకొన్న రోగులను 32–34 డిగ్రీల వద్ద ఉంచితే మెదడుకు మేలని 2002లో రెండు అధ్యయనాలు తెలిపాయి. ఆసుపత్రులు దాన్ని ఉత్సాహంగా స్వీకరించాయి. 2013లో 33, 36 డిగ్రీల మధ్య తేడా కనిపించలేదు. 2021లో సుమారు 1,900 మందిపై జరిగిన మరింత పెద్ద అధ్యయనంలో, 33 డిగ్రీలకు చల్లబరచడానికీ జ్వరం రాకుండా చూడటానికీ ఆరు నెలల మరణాలలో తేడా లేదని తేలింది. ఇక్కడ రక్తం ముందే వచ్చేసింది. చల్లదనం ఆలస్యంగా చేరింది. ఇది ఒక్కటే కారణమనలేము, కాని పై సూత్రంతో ఇది పొసగుతుంది.

దక్షిణాసియా పాఠకులు మరింత శ్రద్ధగా చూడవలసినది నవజాత శిశువుల విషయం. పుట్టుకలో ఆక్సిజన్ అందని బిడ్డలను ఆరు గంటలలోపు మొదలుపెట్టి 72 గంటలు 33.5 డిగ్రీల వద్ద ఉంచడం సంపన్నదేశాలలో నిరూపితమైన చికిత్స. అదే చికిత్సను భారత్, శ్రీలంక, బంగ్లాదేశ్‌లలోని 7 ఆసుపత్రులలో 408 మంది శిశువులపై పరీక్షించిన ‘హెలిక్స్’ అధ్యయనం 2021లో వెలువడింది. మరణం, వైకల్యం కలిపి చూస్తే మేలు కనిపించలేదు. మరణాలు మాత్రం చల్లబరిచిన వారిలో 42 శాతం, మిగిలినవారిలో 31 శాతం. ఇక్కడి శిశువులకు దెబ్బ ప్రసవానికి చాలా ముందే తగిలి ఉండవచ్చునన్నది ఒక వివరణ. అదే నిజమైతే, ఆరు గంటల గడువు అసలు గడువే కాదు. ఒకచోట రుజువైన చికిత్సను మరొకచోటికి అనువదించేటప్పుడు అర్థం మారిపోవచ్చునని భాషాశాస్త్రం చదివినవారికి కొత్తగా చెప్పనవసరం లేదు.

7. పదాల చిక్కు:
తెలుగులో ఇస్కీమియాకు ‘రక్తలేమి’ అనే మాట సూటిగా తోస్తుంది. కాని ‘రక్తహీనత’ ఇప్పటికే ఎనీమియాకు స్థిరపడింది కనుక పాఠకుడు రెండింటినీ ఒకటిగా పొరబడతాడు. ‘రక్తప్రసరణ లోపం’ పొడవైనా నిక్కమైన మాట. రిపర్ఫ్యూజన్ గాయానికి ‘పునఃప్రసరణ గాయం’ పరిశోధన గ్రంథాలకు సరిపోతుంది. రోగి బంధువులతో మాట్లాడేటప్పుడు ‘రక్తం తిరిగొచ్చినప్పుడు తగిలే దెబ్బ’ అనడమే మేలు.

అసలు ఇబ్బంది ‘చల్లబరచడం’ దగ్గర వస్తుంది. తెలుగులో చలువ దీవెన కూడా, అశుభం కూడా. ‘చల్లగా ఉండు’ అని పెద్దలు దీవిస్తారు. ‘ఒళ్ళు చల్లబడింది’ అంటే ఇంటిల్లిపాదీ గొల్లుమంటారు. స్పృహ తప్పిన మనిషి అరికాళ్ళు రుద్ది వేడి పుట్టించడం ఊళ్ళో తొలి ప్రతిచర్య. అటువంటి కుటుంబం ముందు ఐసీయూ వైద్యుడు ‘బిడ్డను చల్లబరుస్తాం’ అన్నప్పుడు, సంతకం అడిగే కాగితంలో అదే మాట ఉన్నప్పుడు, ఆ తల్లి చెవిలో ఏ అర్థం మోగుతుందో ఊహించడం కష్టం కాదు. ‘ఒంటి వేడిని కొలిచి, కొంచెం తగ్గించి ఉంచుతాం; మూడు రోజుల తరువాత మెల్లగా మామూలు వేడికి తెస్తాం’ అనే వాక్యంలో క్రియ మారింది, గడువు చేరింది, తిరిగి వచ్చే దారి కనిపించింది. అవయవదాన అంగీకార పత్రాల తెలుగు పాఠాలను ఈ కోణంలో పరిశీలించే పని ఇంకా మిగిలే ఉంది.