తాళం ఎవరిచేతిలో ఉంది?

సినిమాల్లో కంప్యూటరు దొంగ అనగానే చీకటిగదీ, తెరమీద ఆకుపచ్చ అక్షరాల వానా, టకటక మీటలు నొక్కే వేళ్ళూ గుర్తుకు వస్తాయి గదా! 1983లో జాన్ బేధమ్ తీసిన ‘వార్ గేమ్స్’ ఆ కోవలోనిది కాదు.

అందులో దొంగ సియాటిల్ బడిపిల్లవాడు. బడి కంప్యూటరులో మార్కులు దిద్దుకోవడానికి వాడికి మహావిద్య లేమీ అక్కరలేకపోయింది. రహస్యపదాన్ని ఎన్నిసార్లు మార్చినా, ఆఫీసు బల్లదగ్గర కాగితంమీద రాసిపెడతారు, వాడు చూసుకుంటాడు. మావంటి పంతుళ్ళకు ఈ ఘట్టం కొంచెం గుబులే!

తరవాత కొత్త ఆటలకోసం ఫోను నంబర్లన్నీ వరసగా యంత్రంచేత పిలిపిస్తూ, తెలియక సైన్యపు కంప్యూటరులోనే దూరాడు. అక్కడి రహస్యపదం ఏమిటనుకున్నారు? దాన్ని రూపొందించిన శాస్త్రజ్ఞుడి చనిపోయిన కొడుకు పేరు! అణుయుద్ధపు వాకిటికి ఒక తండ్రి దుఃఖమే తాళమన్నమాట. కథలో నాకు అన్నిటికంటె నచ్చిన కల్పన ఇదే.

ఆ జూన్‌లో అమెరికా అధ్యక్షుడు రీగన్ ఈ చిత్రం చూశాడు. ఇలా నిజంగా జరుగుతుందా అని సైన్యాధికారి జనరల్ వెస్సీని అడిగాడు. వారం తిరిగేసరికి జవాబు వచ్చింది: పరిస్థితి ఆయన అనుకున్నదానికంటె అధ్వాన్నమని. 1984 సెప్టెంబరులో ప్రభుత్వ కంప్యూటర్ల రక్షణకోసం రీగన్ ఉత్తర్వుమీద సంతకం చేశాడు.