శివారుకు చేరిన నీరెంత?

ప్రకాశం బ్యారేజీ నుంచి కాలువలకు నీళ్లు వదిలిన రోజు, ఎన్ని క్యూసెక్కులు వదిలారో పేపర్లలో వస్తుంది. శివారు భూముల రైతు ఆ అంకె చూసి నారు పోయడు. పొలం గట్టు దాకా వెళ్లి, తన తూములోకి నీరొచ్చిందో లేదో చూసుకుంటాడు. కాలువ మొదట్లో వదిలిన నీటికీ, చివరి ఎకరానికి అందిన నీటికీ ఎంత తేడా ఉంటుందో కృష్ణా డెల్టాలో పుట్టినవాళ్లకు చెప్పనక్కర్లేదు. మానవ హక్కుల మీద మన ప్రభుత్వం ఐక్యరాజ్యసమితికి పంపే నివేదికలను కూడా ఆ రైతు చూపుతోనే చదవాలి.

ముందు ఆ నివేదికలేమిటో చూద్దాం. ఒక దేశం అంతర్జాతీయ హక్కుల ఒప్పందంలో చేరితే, దాన్ని ఎలా అమలు చేస్తున్నదీ కొన్నేళ్లకొకసారి రాతపూర్వకంగా చెప్పాలి. భారత్ 1968లో జాతి వివక్ష నిర్మూలన ఒప్పందాన్ని ఆమోదించింది. 1979లో పౌర, రాజకీయ హక్కుల ఒప్పందంలో, 1992లో బాలల హక్కుల ఒప్పందంలో చేరింది. 1993లో మహిళలపై వివక్ష నిర్మూలన ఒప్పందాన్ని ఆమోదించింది. ఒక్కో ఒప్పందానికి ఒక్కో స్వతంత్ర నిపుణుల కమిటీ ఉంటుంది. ప్రభుత్వ నివేదికతో పాటు పౌర సంఘాలు పంపే ప్రత్యామ్నాయ నివేదికలనూ కమిటీ చదువుతుంది. జెనీవాలో ప్రభుత్వ ప్రతినిధులను ప్రశ్నిస్తుంది. చివరికి తన పరిశీలనలు, సిఫారసులు ప్రకటిస్తుంది. కమిటీ చేతిలో పోలీసులు లేరు, జైళ్లు లేవు. అందుకే నివేదికలో నిజం లేకపోతే ఈ ఏర్పాటు మొత్తం ఉత్త కాగితమైపోతుంది.

ఆ నిజం ఎలాంటిదో తెలియాలంటే విజయవాడలో చెన్నై వైపు రైలెక్కి తెనాలి దాటండి. చుండూరు వస్తుంది. 1991 ఆగస్టు 6న ఆ ఊళ్లో ఆధిపత్య కులాలవారి దాడిలో 8 మంది దళితులు హతమయ్యారు. శవాలను గోనెసంచుల్లో కుక్కి కాలువలో పడేశారు. ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం అప్పటికే, 1990 జనవరి నుంచి, అమల్లో ఉంది. బాధితులు పట్టుబట్టి ప్రత్యేక కోర్టును తమ ఊరికే రప్పించుకున్నారు. 2007 జూలై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష, 35 మందికి ఏడాది జైలు విధించింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసింది. దాని మీద సుప్రీంకోర్టుకు అప్పీళ్లు వెళ్లాయి.

చుండూరు తీర్పు వచ్చిన 2007లోనే, ఫిబ్రవరిలో, జాతి వివక్ష నిర్మూలన కమిటీ భారత్ నివేదికను పరిశీలించింది. కులం ఈ ఒప్పందం పరిధిలోకి రాదన్నది మన ప్రభుత్వ వాదన. కాబట్టి దళితుల మీద జరిగే దాడుల లెక్కకు ఆ నివేదికలో చోటు దొరకలేదు. ఒప్పందం మొదటి అధికరణంలో రంగు, జాతితో పాటు 'వంశం' అనే మాట కూడా ఉందని, కుల వివక్ష దాని కిందికే వస్తుందని కమిటీ స్పష్టం చేసింది. 1965లో ముసాయిదా రాసేటప్పుడు ఆ మాట చేర్చాలని ప్రతిపాదించింది భారతదేశమే.

పౌర, రాజకీయ హక్కుల నివేదికది మరో సమస్య. మూడో నివేదిక మీద 1997లో పరిశీలన జరిగింది. నాలుగోదాని మీద 2024 జూలైలో జరిగింది. మధ్యలో 27 ఏళ్లు. చుండూరులో పడిన శిక్షలు, హైకోర్టులో అవి ఎగిరిపోవడం, రెండూ ఈ ఖాళీలోనే జరిగాయి.

మన గుట్టు బయటివాళ్ల ముందు విప్పడమెందుకని కొందరు అడుగుతారు. 1946లో దక్షిణాఫ్రికాలో భారతీయుల మీద వివక్షను ఐక్యరాజ్యసమితి ముందు పెట్టింది మనమే. అది మా ఇంటి వ్యవహారం అని ఆ దేశం అంటే మనం ఒప్పుకోలేదు. 2006 డిసెంబరులో ప్రధాని మన్మోహన్ సింగ్ ఢిల్లీలో అంటరానితనాన్ని ఆ దేశపు వర్ణవివక్షతోనే పోల్చారు. ఆ మాటతో దేశం పరువు పోలేదు. ఢిల్లీలో చెప్పగలిగిన నిజం జెనీవాకు పంపే కాగితంలోనూ ఉండాలి.

అయితే నివేదికలు ఎలా మెరుగుపడాలి? మొదటిది, చట్టాల జాబితాతో సరిపెట్టకూడదు. ఎన్ని కేసులు నమోదయ్యాయి, ఎన్నిటిలో చార్జిషీటు వేశారు, విచారణకు ఎన్నేళ్లు పట్టింది, ఎందరికి శిక్ష పడింది, అప్పీలులో ఎన్ని నిలిచాయి, పరిహారం ఎవరి చేతికి అందింది, ఇవన్నీ జిల్లాలవారీగా చెప్పాలి. ఇందుకు కొత్త యంత్రాంగం అక్కర్లేదు. అత్యాచారాల నిరోధక చట్టం కింద 1995లో చేసిన నిబంధనల ప్రకారం కలెక్టర్ అధ్యక్షతన జిల్లా కమిటీ మూడు నెలలకోసారి, ముఖ్యమంత్రి అధ్యక్షతన రాష్ట్ర కమిటీ ఏడాదికి రెండుసార్లు సమావేశం కావాలి. రాష్ట్రం ఏటా కేంద్రానికి నివేదించాలి, కేంద్రం పార్లమెంటు ముందు పెట్టాలి. కాలువ తవ్వే ఉంది. అందులో నిజమైన లెక్క పారాలి.

రెండోది, గడువు తప్పకూడదు. మూడోది, ముసాయిదా సిద్ధం కాకముందే విజయవాడలాంటి చోట్ల బాధితులను, దళిత సంఘాలను, న్యాయవాదులను కూర్చోబెట్టి వినాలి, తెలుగులో. నాలుగోది, ఐక్యరాజ్యసమితి కమిటీల సిఫారసులు తెలుగులో అచ్చు వేసి, ఏది ఏ శాఖ బాధ్యతో శాసనసభకు చెప్పాలి.

అలాంటి నివేదికలో చుండూరు మీద ఒక్క పేరా చాలు. చట్టం ఉండగానే 8 మంది చనిపోయారని, తీర్పుకు 16 ఏళ్లు పట్టిందని, మరో ఏడేళ్లకు శిక్షలన్నీ పోయాయని అది ఒప్పుకోవాలి. చార్జిషీటు వేశాక సాధ్యమైనంతవరకు రెండు నెలల్లో విచారణ ముగియాలని 2015లో చట్టాన్ని సవరించామని చెప్పి, ఆ గడువు ఏ జిల్లాలో ఎన్ని కేసుల్లో నిలిచిందో కూడా చెప్పాలి. ఆ పేరాను జెనీవాకు పంపే ముందు చుండూరు దళితవాడలో చదివి వినిపించాలి. ఆ 8 మంది ఇళ్లవాళ్లు విని, "అవును, జరిగింది ఇదే" అంటే, నివేదిక శివారు దాకా చేరినట్టు.