ఈతకాలమున గొఱ్ఱెలమందయొద్ద నొక దినము

మన సహకార సంఘముల సభ్యులు జాతరలకును తీర్థములకును సకుటుంబముగా పోవుట కలదు. అది మంచిదే. కాని తమ పొలముగట్టున దిగియున్న గొఱ్ఱెలమందను, అందును మంద యీనుచున్న దినములలో, ఆలుబిడ్డలతో పోయి చూచినవారు మిక్కిలి యరుదు. పెంటకొఱకు మంద పెట్టించుకొందుము; పండుగకు పొట్టేలును కొందుము; అంతటితో మనకును మందకును గల సంబంధము తీరినదని తలతుము. ఇట్లు తలచుటవలన కాపరికే గాక రైతునకును నష్టము కలుగుచున్నది. ఒక్క దినము మందయొద్ద గడపినచో నింటిల్లపాదికిని తెలియవచ్చు విషయములను, అందు పాటింపవలసిన జాగ్రత్తలను ఈ వ్యాసమున వివరింపదలచితిమి.

ఇతరదేశపు వాడుక

ఇంగ్లండు దేశమున గ్లాస్టర్‌షైర్ ప్రాంతములో జో హెన్సన్ అను రైతు 1971లో కాట్స్‌వోల్డ్ ఫార్మ్ పార్క్ అను పేర తన క్షేత్రమును ప్రజలు చూచుటకై తెఱచెను. అంతరించుచున్న స్వదేశపు గొఱ్ఱెజాతులను, పశుజాతులను కాపాడుట యాతని యుద్దేశము. చూడవచ్చినవా రిచ్చు రుసుముతో నా జాతుల పోషణము జరిగెను. పిదప నట్టి క్షేత్రములనేకము లేర్పడినవి. అచ్చట వసంతకాలమున గొఱ్ఱెలు ఈనునప్పుడు పట్టణవాసులు పిల్లలను వెంటబెట్టుకొని పోయి, పగలెల్ల నుండి చూచివత్తురు. పాలు, ఉన్ని, మాంసము ఎట్లు వచ్చుచున్నవో యెఱుగని బాలు రచ్చట నెఱుగుదురు.

మనకు రుసుమిచ్చి చూడవలసిన పని లేదు. 2019 సంవత్సరపు పశుగణనము ప్రకారము తెలంగాణమున గొఱ్ఱెల సంఖ్య సుమారు 1 కోటి 90 లక్షలు. ఆ లెక్కలో దేశమునందెల్ల మన రాష్ట్రమే ప్రథమము. కొల్లాపురపు చెల్కలలోను, కృష్ణయొడ్డునను, నల్లమల యంచునను మందలు మన కన్నులయెదుటనే తిరుగుచున్నవి. చూడవలెనను తలంపే కొఱత.

మన మందలలోని జాతులు

మొదట పిల్లలకు జాతిభేదము చూపవలయును. నల్లనిదై, ముతక ఉన్ని గలదై, మట్టసముగా నుండునది దక్కనీ గొఱ్ఱె. కురుమలు దీని యున్నిని ఏడాదికి రెండుమార్లు కత్తిరించి గొంగళ్లు నేయుట తరతరముల వాడుక. వానను, చలిని, ఎండను ఓర్చుటలో నీ జాతికి పేరు కలదు. పొడవైన కాళ్లతో నెత్తుగా నుండి, ఉన్నికి బదులు పొట్టివెండ్రుకలు గలది నెల్లూరు గొఱ్ఱె. మన దేశపు గొఱ్ఱెలలో నింత యెత్తైన జాతి వేఱొకటి లేదు. ఇందు మూడు తెగలు కలవు: తెల్లనిది పల్ల, తెల్లని మేనితో కన్నులచుట్టును పెదవులయందును నల్లమచ్చలు గలది జోడిపి, గోధుమవన్నెది డోర.

ఉన్నికి వెల తగ్గి మాంసమునకు వెల పెరిగినకొలది మన యూళ్లలో నెల్లూరు రక్తము హెచ్చి, దక్కనీ మందలు పలుచబడుచున్నవి. రాష్ట్రప్రభుత్వము 2017లో గొఱ్ఱెల పెంపకందారుల సహకార సంఘముల ద్వారా 20 గొఱ్ఱెలను, 1 పొట్టేలును ఒక్కొక్క సభ్యునకు నూటికి 75 వంతుల రాయితీపై నిచ్చు పథకము నారంభించెను. ఇతర ప్రాంతముల గొఱ్ఱెలు మన మందలలో చేరుట కదియు నొక త్రోవయయ్యెను. తాతలనాటి జాతి యిదియని చూపుటకు దక్కనీ గొఱ్ఱె యూరిలో నుండగానే పిల్లలకు చూపుట మేలు.

ఈతకాలము వచ్చు విధము

తొలకరి వానలు పడి పచ్చిక మొలచిన పిమ్మట గొఱ్ఱెలు పుష్టిపట్టి యెదకు వచ్చును. గొఱ్ఱె చూడితో నుండు కాలము 147 మొదలు 150 దినములు, అనగా నైదు నెలలు. కావున ఆషాఢ శ్రావణములలో కట్టిన గొఱ్ఱెలు మార్గశిర పుష్యములలో నీనును. వేసవిలో రాలిన తుమ్మకాయలు మేసి కట్టిన గొఱ్ఱెలు కొన్ని వర్షాకాలమున నీనుటయు కలదు. అయినను చలికాలపు ఈతయే మన ప్రాంతమున ముఖ్యమైనది. ఖరీఫు పంటలు చేతికి వచ్చి రైతునకు కొంత తీఱిక చిక్కు సమయము నదియే.

దినమును గడుపు విధము

మంద మేతకు కదలకముందే, ఉదయము 7 గంటలకు చేరుట మంచిది. ఈనబోవు గొఱ్ఱె మందను విడిచి యొంటరిగా నిలుచును, కాలితో నేలను గీకును, పండుకొనును, లేచును, పొదుగు నిండి బిగిసియుండును. దానిని చుట్టుముట్టరాదు, ఇరువది యడుగుల దూరమున నిశ్శబ్దముగా కూర్చుండవలయును. సక్రమమైన ఈతలో మొదట ఉమ్మనీటి తిత్తియు, పిదప రెండు ముందుకాళ్ల గిట్టలును, వానిమీద నానియున్న మూతియు కనబడును. తిత్తి పగిలి గంట దాటినను పిల్ల పడనిచో, లేక ఒక్క కాలుగాని తోకగాని మాత్రమే కనబడినచో, పశువైద్యుని పిలిపింపవలయును. బలముగా లాగుట తల్లికిని పిల్లకును ప్రాణాపాయము.

పిల్ల పడినతోడనే కాపరి దాని మూతిని ముక్కును తుడిచి తల్లిముందు పెట్టును. తల్లి నాకుచు నా వాసనను గుఱుతుపట్టును. తొలి కొలది గంటలలో నేర్పడు నీ గుఱుతే తల్లిపిల్లల బంధమునకు మూలము. అంతకుముందే పదిమంది చేతులు పిల్లను తాకినచో తల్లి దానిని తోసివేయుటయు కలదు. ముద్దువచ్చినను పుట్టినపిల్లను ఎత్తుకొనరాదనుట కిదియే కారణము. పిల్ల నాకబడి, పాలు త్రాగి, తల్లివెంట నడచిన పిమ్మట, మఱునాటి పిల్లలను కాపరి యనుజ్ఞతో బాలురు తాకవచ్చును.

మధ్యాహ్నము తల్లులు మేతకు పోవును, పసిపిల్లలు దొడ్డిలోనుండును. ఆ వేళ చెట్టునీడను భోజనము చేసి, వీలున్నవారు సోమశిలవద్ద కృష్ణను చూచి రావచ్చును. కాని సాయంకాలము మంద మరలివచ్చు సమయమునకు తప్పక తిరిగి చేరవలయును. వందలకొలది తల్లులు ఒక్కమారుగా నఱచుచు వచ్చును. పిల్లలు నొక్కమారుగా బదులు పలుకును. క్షణకాలము చెవులు గింగురుమనును. ప్రతి తల్లియు గొంతుబట్టి తన పిల్లను సమీపించి, వాసనబట్టి నిర్ధారణ చేసికొని, పరుల పిల్లను తలతో త్రోసి తన పిల్లకే పొదుగు నిచ్చును. కొంతసేపటికి గోల యణగి తోకలాడించు చప్పుడు మాత్రమే మిగులును. ఇంతకంటె మంచి పాఠము ఏ పుస్తకమును చెప్పజాలదు.

ముఱ్ఱుపాల మహిమ

మానవ శిశువునకు వ్యాధినిరోధక శక్తి కొంత గర్భమునందే తల్లివలన చేరును. గొఱ్ఱెపిల్ల కట్లు చేరదు. ఆ శక్తియంతయు ముఱ్ఱుపాలలోనే యున్నది. పిల్లప్రేగులు దానిని మొదటి దినమున మాత్రమే గ్రహింపగలవు. అందును తొలి యాఱుగంటలు మేలు. గంటగంటకును గ్రహణశక్తి తగ్గిపోవును. కావున పుట్టిన గంటలోపల త్రాగించి, మొదటి దినమున బరువులో పదవవంతు, అనగా 3 కిలోల పిల్లకు 300 గ్రాములు, పలుమార్లుగా చేరునట్లు చూడవలయును. చనుమొనలలో గడ్డకట్టిన బిరడను ముందుగా పిండివేయుట కాపరు లెఱిగిన పని. ఈనుటకు నెలదినములకు ముందు తల్లికి చిటుకు రోగపు టీకా వేయించినచో నా రక్షణము ముఱ్ఱుపాలద్వారా పిల్లకును సంక్రమించును. బొడ్డుత్రాడును రెండంగుళములకు కత్తిరించి టింక్చరు అయోడినులో ముంచుట రెండవ రక్ష. చలిరాత్రులలో తడిసిన పిల్లను గడ్డితోనో గోనెతోనో తుడిచి గాలి తగులనిచోట నుంచుట మూడవ రక్ష.

ఈ మూడింటికిని కలిపి యయ్యెడు ఖర్చు స్వల్పము. ఇరువది గొఱ్ఱెల మందలో 16 పిల్లలు పుట్టి నాలుగు మొదటి వారముననే చనిపోయినవనుకొందము. ఆ యింటి ఏటి రాబడిలో నాలుగవవంతు వారములో పోయినట్లే గదా.

తల్లి చనిపోయిన పిల్లను, పిల్ల చనిపోయిన తల్లికి అలవాటు చేయుట మఱియొక నేర్పు. చనిపోయిన పిల్ల తోలును తల్లిలేని పిల్లకు కప్పుదురు. తన వాసనయే యని తల్లి పాలిచ్చును. తొంబదితొమ్మిదిని విడిచి తప్పిన యొకదానికై వెదకిన కాపరి కథ క్రైస్తవ గ్రంథమున కలదు. మన బీరప్ప కొలువున డోలు కొట్టు కురుమలకు నా కథ వినకయే తెలియును.

పాటింపవలసిన నియమములు

2009లో ఇంగ్లండులోని సర్రీ ప్రాంతమున నొక క్షేత్రమును చూడబోయినవారిలో 93 మందికి పశువుల పేడవలన సంక్రమించు ప్రేగువ్యాధి సోకెను. వారిలో నెక్కువమంది చిన్నపిల్లలు. కావున వేడుకతోపాటు మెలకువయు నుండవలయును.

1. గర్భిణీస్త్రీలు ఈతదొడ్డిలోనికి పోరాదు. మాయను, ఉమ్మనీటిని, ఈసుకుపోయిన పిల్లను తాకుటవలన గర్భస్రావము కలిగించు వ్యాధులు సోకవచ్చును.

2. మందను తాకిన చేతులను సబ్బుతో కడుగుకొనక ఏమియు తినరాదు. పచ్చిపాలు త్రాగరాదు.

3. మాయను, చచ్చిన పిల్లలను కుక్కలకు వేయక సున్నము చల్లి లోతుగా పూడ్పవలయును. మన కుక్కలను వెంట తీసికొనిపోరాదు.

4. అన్నము, బియ్యము, మొక్కజొన్నలు గొఱ్ఱెలకు ప్రేమతో పెట్టరాదు. అలవాటులేని గింజ యధికముగా తిన్న గొఱ్ఱెకు కడుపులో పులుపు పుట్టి ప్రాణము పోవును.

5. కాపరికి ఈతకాలమున నిద్రయుండదు. అతని యనుమతి లేనిదే పోరాదు. పోయినచో నతని కాలమునకు తగిన ప్రతిఫల మీయవలయును.

రైతునకు కలుగు లాభము

ఎండిన గొఱ్ఱెపెంటలో నత్రజని నూటికి 3 పాళ్లవఱకు నుండును. సామాన్యపు పశువులయెరువులో అరపాలే. మంద పెట్టించినచో పెంటతోడ మూత్రమును నేలకే చేరును, బండి కిరాయియు తప్పును. అయినను మఱునాడు ఎండ యెక్కకముందే గుంటక తోలనిచో నత్రజని గాలిలో కలసిపోవును. మందయొద్ద నొక రాత్రి గడపిన రైతు ఈ పనిని మఱవడు.

అంతకంటె ముఖ్యమైనది వేఱొకటి కలదు. పత్తిచేనికి పురుగుమందు చల్లి, ఆ సంగతి కాపరికి చెప్పక యూరకుందుము. మందుచల్లిన యాకు మేసి మంద చచ్చినపిదప పంచాయతీలో వాదములాడుదుము. చూడిగొఱ్ఱె యొకటి చచ్చుట రెండు ప్రాణములు పోవుటయని కన్నులార చూచిన రైతు, మందు చల్లిన దినమును కాపరికి ముందే తెలుపును. కాపరియు, తన పని విలువ నెఱిగిన రైతు చేనిగట్టును మేపడు. బంజరులు చేలగుచున్న యీ కాలమున ఈ పరస్పర విశ్వాసము లేనిదే మందకు మేతయు, చెల్కకు పెంటయు నిలువవు.

సంఘములు చేయదగిన పని

ప్రతి సంఘమును ఈతకాలమున నొక యాదివారమును నిర్ణయించి, గొఱ్ఱెల పెంపకందారుల సంఘముతో మాటలాడి, ఒక్కొక్క మందకు నైదు కుటుంబములకు మించకుండ పంపవచ్చును. పశువైద్యశాల సిబ్బందిని పిలిపించి యా దినముననే టీకాల సంగతి చెప్పింపవచ్చును. ఒక సబ్బును, బిందెడు నీళ్లను, అయోడిను సీసాను సంఘమే కొనిపోవలయును. సీసా కాపరియొద్దనే యుంచి రావలయును. రాబోవు మార్గశిరమునకు సభ్యులు తమ పేర్లను సంఘ కార్యదర్శికి ముందుగా నిచ్చి, కాపరులకు వీలగు దినమును తెలిసికొని, యీ పనిని ప్రారంభింతురుగాక.