మార్కర్‌కి రంగు పట్టాలంటే

పెయింట్‌బాల్ ఆడేవాళ్ళు చేతిలో ఉన్నదాన్ని గన్ అనరు, మార్కర్ అంటారు. మొదట్లో అది నిజంగానే గుర్తులు పెట్టే పనిముట్టు. నరకాల్సిన చెట్ల మీద, మందలోంచి వేరుచేయాల్సిన పశువుల మీద దూరం నుంచే రంగు పడేలా అమెరికాలో నెల్సన్ అనే రంగుల కంపెనీ నెల్‌స్పాట్ 007 అనే మార్కర్‌ని అమ్మేది. 1981 జూన్ 27న న్యూహాంప్‌షైర్‌లోని హెన్నికర్ దగ్గర అడవిలో 12 మంది వాటిని పట్టుకుని మొదటిసారి జెండాలాట ఆడారు. గెలిచినాయన ఒక్కసారి కూడా పేల్చలేదట! అడవిలో తిరగడమే ఆయన వృత్తి మరి.

ఊరందరికీ రంగు పూసే ఈ పనిముట్టు, తనకి రంగు వేయబోతే మాత్రం మొండికేస్తుంది. మిషిగన్‌లో ఉన్న రోజుల్లో పాత మార్కర్ ఒకటి కొని, ఒక శనివారం గరాజ్‌లో కూర్చుని ఎర్ర స్ప్రే కొట్టేశాను. తడి మీద బ్రహ్మాండంగా ఉంది. పది నిమిషాల్లో బొట్టుబిళ్ళంత గుండ్రటి గుంటలు తేలాయి, వాటి అడుగున పాత నలుపు కనిపిస్తోంది. మిగిలిన ఎరుపు కూడా మొదటి ఆటకే పెచ్చులూడింది.

గుంటలకి కారణం సిలికాన్ గ్రీజు. లోపలి రబ్బరు రింగులు ఎండిపోకుండా చాలా మార్కర్లకి ఆ గ్రీజే రాస్తారు. వేలికి అంటిన కాస్తంత చాలు, జిడ్డు పళ్ళెంలో నీళ్ళు పోస్తే విడిపోయినట్టు రంగు అక్కడినుంచి పక్కకి జరిగిపోతుంది. కాబట్టి ముందు గిన్నెలు తోమే సబ్బుతో రెండుసార్లు కడగాలి, ఆరాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి, ఆపైన గ్లవ్స్ లేకుండా ముట్టుకోకూడదు.

పెచ్చుల సంగతి వేరు. మార్కర్ ఒళ్ళు చాలావరకు అల్యూమినియం. దాని మీద కరెంటుతో గట్టి ఆక్సైడ్ పొర ఎక్కించి రంగు పట్టిస్తారు, అదే ఆనోడైజింగ్. నున్నటి ఆ పొర మీద కొత్త రంగుకి పట్టు దొరకదు. 320 నంబరు వాటర్ పేపర్‌తో తడిపి రుద్ది, తర్వాత 400తో సరిచేయాలి. లోహం బయటపడనక్కర్లేదు, మెరుపు చస్తే చాలు. ఆ మీద ఎచింగ్ ప్రైమర్ పలచగా ఒక చేయి. అందులోని ఆమ్లం పైపొరని కొద్దిగా కొరుకుతుంది, రంగు ఆ కాటుని పట్టుకుని నిలబడుతుంది. నేను ఎగ్గొట్టిన పని ఇదే.

ఇవన్నీ మార్కర్ విప్పాకే. రంగు గుళ్ళ డబ్బా, గాలి సిలిండర్ తీసేశాక కూడా లోపల ఒకటి రెండు షాట్లకి సరిపడా గాలి మిగలొచ్చు. మనుషుల్లేని వైపు తిప్పి పేల్చి ఖాళీ చేయాలి. విప్పే ప్రతి మెట్టుకీ ఫోనులో ఫోటో తీసుకోండి. స్క్రూల్ని నేను ఇడ్లీ ప్లేటు గుంటల్లో వరసగా పెడతాను, ఇంట్లోవాళ్ళు ఏమన్నా సరే. రబ్బరు రింగులన్నీ తీసెయ్యాలి, స్ప్రేలోని సాల్వెంట్‌కి అవి ఉబ్బిపోతాయి. గుండుని ముందుకి నెట్టే బోల్ట్ కదిలే గొట్టం, బ్యారెల్ లోపలి భాగం, మరలు, ఇవి మాస్కింగ్ టేపుతో మూసేయాలి. అక్కడ రంగు చేరితే బోల్ట్ బిగుసుకుపోతుంది.

స్ప్రే కొట్టడం నిజానికి చిన్న పని. డబ్బాలో గోళీ చప్పుడు మొదలయ్యాక ఇంకో రెండు నిమిషాలు ఊపి, 20 నుంచి 25 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని, మార్కర్ అంచు బయట నొక్కడం మొదలుపెట్టి అవతలి అంచు దాటాక వదలాలి. మొదటి పొరలో ప్రైమర్ కనిపిస్తూనే ఉండాలి. పది, పదిహేను నిమిషాలకొకటి చొప్పున మూడు నాలుగు పలచటి పొరలు. ఒక్కసారే కప్పేద్దామనుకుంటే కారుతుంది, మరీ దూరం నుంచి కొడితే బత్తాయి తొక్కలా గరుకు తేలుతుంది. ముసురు రోజున అసలు వద్దు. డిజైన్ కావాలంటే బట్టలుతికే వల సంచీ బిగించి పైన ఇంకో రంగు కొట్టండి, పాము పొలుసులు వస్తాయి. ముగ్గు అచ్చు లెక్కే. మొత్తం నలుపు మాత్రం నేనైతే వేయను. దూరం నుంచి చూసినవాడికి అది నిజం తుపాకీయే.

చివరి క్లియర్ కోటుకి హార్డెనర్ కలిపే రకం గట్టిదే కానీ, అందులో ఐసోసైనేట్లు ఉంటాయి, గుడ్డ మాస్కు వాటిని ఆపలేదు. ఇంట్లో మామూలు డబ్బా క్లియర్ చాలు.

గాలి సిలిండర్ జోలికి వెళ్ళకండి. ఫైబర్ చుట్టిన సిలిండర్‌లో 4500 పీఎస్‌ఐ దాకా ఒత్తిడి ఉంటుంది, కారు టైర్లో ఉండేది 30 చిల్లర. రంగు వేస్తే పగుళ్ళూ, పరీక్ష తేదీ ఉన్న లేబులూ కనపడవు, సాల్వెంట్ ఆ ఫైబర్‌ని పట్టి ఉంచే రెసిన్‌ని పాడుచేయొచ్చు. మరీ ముచ్చటైతే బట్ట తొడుగు వేసుకోండి. ముఖానికి పెట్టుకునే మాస్కు అద్దమూ అంతే. అది పాలీకార్బొనేట్. సాల్వెంట్ తగిలితే కంటికి కనపడని పగుళ్ళు పుడతాయి, ఎదురుగా వచ్చే గుండు వేగం సెకనుకి దాదాపు 90 మీటర్లు.

చేతికి ఆరినట్టున్నా ఒక వారం వదిలేయాలి. తర్వాత రింగులకి కొత్తగా గ్రీజు రాసి బిగించి, మైదానంలో ముందు గుండు వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ దగ్గరికి వెళ్ళండి. రంగుకి వేగం మారదు కానీ, విప్పి బిగించినప్పుడు వేగం సరిచేసే స్క్రూ కదిలి ఉండొచ్చు. నాది ఒకసారి సెకనుకి 300 అడుగులు దాటింది. అర చుట్టు వెనక్కి తిప్పాకే లోపలికి వెళ్ళనిచ్చారు.