తాండూరు కందిపప్పు

తాండూరు కందిపప్పు తెలంగాణ రాష్ట్రం, వికారాబాదు జిల్లాలోని తాండూరు ప్రాంతంలో పండే కందుల నుండి తయారయ్యే పప్పు. రుచికి, త్వరగా ఉడికే గుణానికి, ఎక్కువ కాలం నిల్వ ఉండడానికి ఇది ప్రసిద్ధి చెందింది. 2022 డిసెంబరులో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు లభించింది. వికారాబాదు జిల్లా 2016 అక్టోబరు 11న ఏర్పడింది. అంతకుముందు ఈ ప్రాంతం రంగారెడ్డి జిల్లాలో ఉండేది.

== సాగు ==
కంది వర్షాధారపు పంట. తొలకరి వానలకు విత్తితే చలికాలంలో కోతకు వస్తుంది. తాండూరు పరిసరాలలో లోతైన నల్లరేగడి నేలలు, సున్నపురాయి నిక్షేపాలు ఉన్నాయి. ఈ నేలల్లోని అట్టపుల్గైట్ అనే బంకమన్ను ఖనిజమే ఇక్కడి కంది నాణ్యతకు కారణమని చెబుతారు. కంది వేర్ల బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని స్థిరీకరించి నేలను సారవంతం చేస్తాయి.

== పోషక విలువలు ==
ఈ పప్పులో సుమారు 22 నుండి 24 శాతం మాంసకృత్తులు ఉంటాయి. ఇది ధాన్యాలలో ఉండేదానికి దాదాపు మూడు రెట్లు. పీచుపదార్థం, ఫోలేట్, పొటాషియం కూడా లభిస్తాయి.

కందిపప్పులో లైసిన్ ఎక్కువగానూ, మిథియోనిన్ తక్కువగానూ ఉంటాయి. బియ్యం, జొన్నలలో లైసిన్ తక్కువ. అందువలన పప్పన్నం గాని, పప్పుతో జొన్నరొట్టె గాని తిన్నపుడు ఒకదాని లోటును మరొకటి తీరుస్తుంది. మాంసం, గుడ్లు తరచుగా కొనలేని కుటుంబాలకు ఈ కలయిక ఎంతో ముఖ్యం.

== వండే విధానం ==
పప్పును కడిగి అరగంట నానబెడితే త్వరగా ఉడుకుతుంది. చింతపండు, టమాటా వంటి పులుపును పప్పు మెత్తబడిన తరువాతే కలపాలి. ముందే కలిపితే పప్పు ఉడకడం ఆలస్యమవుతుంది. కాల్షియం లవణాలు ఎక్కువగా ఉన్న కఠిన జలంలో కూడా ఇదే జరుగుతుంది. చివరలో నిమ్మరసం పిండితే, అందులోని విటమిన్ సి వలన పప్పులోని ఇనుము శరీరానికి బాగా అందుతుంది. ముద్దపప్పు, ఆకుకూర పప్పు, పప్పుచారు, కందిపొడి దీనితో చేసే ముఖ్య వంటకాలు.

పాశ్చాత్య దేశాలలో ఉడికించిన చిక్కుడు గింజలను డబ్బాలలో నిల్వచేసి అమ్ముతారు. వాటిలో సాధారణంగా ఉప్పు కలుపుతారు కనుక, వాడేముందు నీటితో కడగడం మంచిది. ఎండుపప్పును ఇంట్లో వండుకుంటే ఉప్పు ఎంత వేయాలన్నది వండేవారి చేతిలోనే ఉంటుంది.

== గుర్తింపు ప్రయోజనం ==
భౌగోళిక గుర్తింపు వలన ఇతర ప్రాంతాల పప్పును తాండూరు పేరుతో అమ్మడం చట్టవిరుద్ధం అవుతుంది. వాన మీదే ఆధారపడి సాగు చేసే ఇక్కడి రైతులకు తమ పంట పేరుపై హక్కు దక్కింది.